క్లాంపు పోయింది, కవరు వచ్చింది

బ్రిటన్‌లో ప్రైవేటు కార్ పార్కుల జరిమానాల గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి తగవంతా రెండు అంకెల మీదే. ఇప్పుడున్న 100 పౌండ్ల గరిష్ఠ పరిమితి తగ్గించాలా? గడువులోగా కట్టకపోతే వసూలు ఖర్చుల పేరిట మీద వేసే 70 పౌండ్లు ఉండాలా, పోవాలా? సూపర్‌మార్కెట్ గేట్ల దగ్గర నంబరు ప్లేటు కెమెరాలు ఎప్పుడు మొలిచాయో ఇక్కడ బండి నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. అసలు మెలిక 2012లో పడింది.

అప్పటిదాకా పార్కింగు కంపెనీల ఆయుధం క్లాంపు. చక్రానికి తాళం వేసి, అక్కడికక్కడే డబ్బు కడితేగానీ తీసేవారు కాదు. ఇది బెదిరించి గుంజుకోవడమేనని స్కాట్లాండ్ కోర్టు 1992లోనే తేల్చేసింది. ఇంగ్లండ్, వేల్స్ మాత్రం మరో ఇరవయ్యేళ్లు భరించాయి. ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం 2012 అక్టోబరు 1 నుంచి అక్కడా ప్రైవేటు క్లాంపులను నేరం చేసింది.

వాహనదారులు గెలిచారని రాశారు. కాదనలేం. కానీ అదే చట్టంలో నాలుగో షెడ్యూలు ఒకటుంది. అంతకుముందు ‘ఆ రోజు నడిపింది నేను కాదు’ అంటే కంపెనీ చాలావరకు చేతులెత్తేయాల్సిందే. బండి నిలిపితే కుదిరినట్టు లెక్కేసే ఒప్పందం డ్రైవరుతో గదా! షెడ్యూలు వచ్చాక, నడిపిందెవరో తెలియకపోయినా రిజిస్టర్డ్ కీపరు, అంటే బండి ఎవరి పేరిట నమోదై ఉందో ఆ వ్యక్తి, నుంచే వసూలు చేసుకోవచ్చు. షరతులున్నాయి. బండి మీద నోటీసు అంటించకుండా కెమెరా ఫొటోతోనే పని కానిస్తే, ఆ నోటీసు 14 రోజుల్లోగా కీపరు ఇంటికి చేరాలి. చేరకపోతే కీపరుపై ఆ బాధ్యత పడదు. కవరు చూసి కంగారుపడి కట్టేసేవాళ్లు ఈ తేదీలు చూసుకోరు.

కీపరు చిరునామా ఇచ్చేది వాహనాల నమోదు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ. ఒక్కో బండి వివరానికి రుసుము 2.50 పౌండ్లు. 2012-13లో కంపెనీలు సుమారు 19 లక్షల సార్లు వివరాలు తీసుకున్నాయి. ఇప్పుడది ఏటా కోటి దాటింది. క్లాంపు వేయాలంటే మనిషి, వ్యాను కావాలి. కవరు పంపడానికి కెమెరా, ప్రింటరు చాలు.

ఆ యంత్రాంగానికి సుప్రీంకోర్టు ముద్ర పడింది 2015 నవంబరులో, బీవిస్ కేసులో. చెల్మ్స్‌ఫర్డ్‌లోని ఒక రిటైల్ పార్కులో రెండు గంటలు ఉచితం. బీవిస్ అనే ఆయన 56 నిమిషాలు ఎక్కువ ఉన్నాడు. బిల్లు 85 పౌండ్లు. స్థలం ఉచితమైనప్పుడు కంపెనీకి పోయిందేమిటని ఆయన వాదన. పైగా ఆ స్థలం హక్కుదారుకు కంపెనీయే వారానికి వెయ్యి పౌండ్లు ఎదురిచ్చేది. అంటే కంపెనీ రాబడంతా ఆలస్యంగా వెళ్లేవాళ్ల జేబులోంచే. అయినా ఆరుగురు జడ్జీలు కంపెనీ పక్షాన నిలిచారు. బోర్డులు స్పష్టంగా ఉన్నాయి, దుకాణాలకు వచ్చేవాళ్లకు చోటు దొరకాలంటే ఆ మాత్రం భయం ఉండాలి అన్నారు. లార్డ్ టౌల్సన్ ఒక్కరే విభేదించారు. ఆ తీర్పు ఇప్పటికీ కంపెనీల ఉత్తరాల్లో కనిపిస్తుంది.

2019లో ఎంపీ సర్ గ్రెగ్ నైట్ చొరవతో ప్రైవేటు పార్కింగు నియమావళి చట్టం వచ్చింది. దాని కింద 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం ప్రకటించిన నియమావళి లండన్ బయట చాలా తప్పులకు 50 పౌండ్లే పెట్టింది, అదనపు వసూలు ఖర్చులను నిషేధించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. జూన్‌కల్లా ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఖాళీలో 2024 అక్టోబరు నుంచి పరిశ్రమ సంఘాలు సొంత నియమావళి అమలు చేశాయి. పరిమితి 100 పౌండ్లే, 14 రోజుల్లో కడితే 40 శాతం తగ్గింపు.

ఆ స్వీయ నియంత్రణ ఎలా సాగిందో డర్బీలో తేలింది. ఫోన్ సిగ్నల్ సరిగా లేక, లోపలికొచ్చిన అయిదు నిమిషాల్లో ఫీజు కట్టలేకపోయిన మహిళ మీద 1,906 పౌండ్లకు కేసు వేశారు. రోజుకు కట్టాల్సిన ఫీజు ప్రతిసారీ పూర్తిగానే కట్టిందామె. పత్రికల్లో రచ్చయ్యాక కేసు వదులుకున్నారు. 2025 ఫిబ్రవరిలో నియమం మార్చారు: కెమెరా పార్కుల్లో బయటికి వెళ్లేలోపు కడితే చాలు.

2025 జులైలో ప్రభుత్వం కొత్త నియమావళి కోసం మళ్లీ జనాభిప్రాయం అడిగింది. 2022లో వెనక్కి తీసుకున్న నియమావళి తేల్చబోయిన ఆ రెండు ప్రశ్నలూ, గరిష్ఠ పరిమితి, అదనపు వసూలు ఖర్చులు, అందులో ఉన్నాయి.