గాలిలోంచి కరెంటు వస్తుందా? రేడియో తరంగాల ‘ఫ్రీ ఎనర్జీ’: అపోహలు, వాస్తవాలు

ఇంటర్నెట్ వీడియోల్లో తరచూ కనిపించే సర్క్యూట్ ఇది: నాలుగు డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి), రెండు కెపాసిటర్లు (చార్జ్ నిల్వ చేసేవి), ఒక రాగి చుట్ట, పైనుంచి వేలాడే వైరు. చివర చిన్న ఎల్‌ఈడీ వెలుగుతుంటుంది. ‘రేడియో, టీవీ, మొబైల్, వైఫై తరంగాలు మన చుట్టూ నిండి ఉన్నాయి, వాటిని పట్టుకుంటే ఇక కరెంటు బిల్లే ఉండదు’ అని పక్కన మాటలు వినిపిస్తాయి. ఇందులో మొదటి సగం నిజమే. తరంగాలున్నాయి, వాటిలో శక్తీ ఉంది. తేడా అంతా ‘ఎంత’ అన్న దగ్గరే వస్తుంది. ఆ ‘ఎంత’ను ఎవరైనా కాగితం మీద లెక్క కట్టుకోవచ్చు.

అపోహ: రేడియో తరంగాలతో ఏదీ నడవదు, అంతా మోసమే

నమ్మేవాళ్లతో పాటు కొట్టిపారేసేవాళ్లూ పొరబడుతుంటారు, అందుకే దీనితో మొదలుపెడుతున్నాం. బ్యాటరీ లేకుండా పనిచేసే క్రిస్టల్ రేడియో వందేళ్లకు పైబడిన సంగతి. 20-30 మీటర్ల వైరు, మంచి ఎర్త్, స్టేషన్‌ను ఎంచుకునే ట్యూనింగ్ కాయిల్ (తీగ చుట్ట), 1ఎన్34ఏ లాంటి జెర్మేనియం డయోడ్, 2000 ఓంలకు తగ్గని హెడ్‌ఫోన్ ఉంటే మీడియం వేవ్ స్టేషన్ వినిపిస్తుంది. హెడ్‌ఫోన్‌ను కదిలించే శక్తి మొత్తం ఆ స్టేషన్ నుంచి వచ్చిందే.

ఎంత వస్తుందో చూద్దాం. 100 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌కు 1 కిలోమీటరు దూరంలో క్షేత్రబలం (తరంగంలోని విద్యుత్ క్షేత్రం తీవ్రత) మీటరుకు సుమారు 3 వోల్టులు. అక్కడ 10 మీటర్ల వైరును నిటారుగా నిలబెడితే తరంగాన్ని పట్టడంలో లెక్కకొచ్చే దాని ప్రభావ ఎత్తు అందులో సగం, అంటే 5 మీటర్లు. కాబట్టి వైరులో పుట్టేది 15 వోల్టులు. ఎర్త్, కాయిల్ కలిపి 50 ఓంల రెసిస్టెన్స్ ఉందనుకుంటే, లోడ్‌ను (శక్తిని వాడుకునే భాగాన్ని) సరిగ్గా మ్యాచ్ చేసినప్పుడు, అంటే దాని రెసిస్టెన్స్‌నూ అంతే ఉంచినప్పుడు గరిష్ఠంగా దక్కేది 1.1 వాట్లు. ఇది నిజంగా వచ్చే పవర్, చిన్న బల్బును వెలిగిస్తుంది.

అదే వైరును 10 కిలోమీటర్ల దూరానికి తీసుకెళ్తే వోల్టేజీ పదో వంతు అవుతుంది, పవర్ మాత్రం నూరో వంతుకు పడిపోయి 11 మిల్లీవాట్ల దగ్గర ఆగుతుంది. 50 కిలోమీటర్ల దగ్గర అర మిల్లీవాట్ కూడా రాదు. నేల పొడిగా, రాతిగా ఉంటే ఇంకా తక్కువ. పైగా ఇదంతా ట్యూన్ చేసినప్పటి లెక్క. 10 మీటర్ల వైరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అది 1600 ఓంల రియాక్టెన్స్, అంటే ఏసీకి అడ్డు. దాన్ని రద్దు చేయడానికి 250 మైక్రోహెన్రీల కాయిల్ సిరీస్‌లో పెట్టాలి. కాయిల్ లేకుండా వైరును నేరుగా డయోడ్ బ్రిడ్జికి కలిపిన సర్క్యూట్ ఎక్కడ కనిపించినా, దాన్ని చేసినవాళ్లు ఆ 1600 ఓంలను పట్టించుకోలేదని అర్థం.

స్టేషన్ పక్కన దొరికే ఆ వాట్ కూడా ‘ఫ్రీ’ కాదు. ఆ 100 కిలోవాట్లకు స్టేషన్ వాళ్లు బిల్లు కడుతున్నారు.

అపోహ: నగరంలో వేల సిగ్నళ్లున్నాయి, అన్నీ కలిపితే ఇల్లు నడుస్తుంది

100 మిల్లీవాట్ల వైఫై రౌటర్‌ను తీసుకోండి. 3 మీటర్ల దూరానికి వచ్చేసరికి ఆ పవర్ ఒక పెద్ద గోళం మీద పరుచుకుని చదరపు మీటరుకు 0.9 మిల్లీవాట్ల లోపుకు వస్తుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కు సరిపోయే డైపోల్ (రెండు కడ్డీల మామూలు) యాంటెన్నా పట్టగలిగే విస్తీర్ణం 20 చదరపు సెంటీమీటర్లే. రెండూ గుణిస్తే 1.8 మైక్రోవాట్లు. అదీ రౌటర్ ఆపకుండా ప్రసారం చేస్తుంటేనే. ఎవరూ వాడనప్పుడు అది సెకనుకు పదిసార్లు చిన్న బీకన్ (‘నేనున్నాను’ అనే సంకేతం) పంపి మిగతా సమయమంతా మౌనంగా ఉంటుంది.

మొబైల్ టవర్లతోనూ ఇంతే. లండన్ భూగర్భ రైలు స్టేషన్ల దగ్గర కొలిచి 2013లో ప్రచురించిన సర్వేలో అన్నిటికన్నా బలంగా కనిపించిన బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) జీఎస్‌ఎమ్ 1800, అంటే 1800 మెగాహెర్ట్జ్ దగ్గరి మొబైల్ సిగ్నల్. దాని సగటు చదరపు సెంటీమీటరుకు 84 నానోవాట్లు. ఆ బ్యాండ్ డైపోల్ విస్తీర్ణం 36 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి అందేది 3 మైక్రోవాట్లు. 36 చదరపు సెంటీమీటర్ల సోలార్ సెల్‌ను మామూలు గది వెలుతురులో పెడితే సుమారు 300 మైక్రోవాట్లు వస్తాయి.

మరి అన్ని బ్యాండ్లూ కలిపితే? యాంటెన్నా, మ్యాచింగ్ సర్క్యూట్ ఒక బ్యాండ్‌కు చక్కగా కుదిరితే మిగతా వాటికి కుదరవు. అన్నిటికీ వెడల్పుగా చేస్తే ఒక్కోదానిలో మ్యాచింగ్ పలచబడుతుంది. ఇది తయారీ లోపం కాదు, భౌతిక శాస్త్రం పెట్టిన పరిమితే.

ఇంకో వైపు నుంచీ చూడొచ్చు. 2 గిగాహెర్ట్జ్‌కు పైన జనం ఉండే చోట ఐక్నిర్ప్ (రేడియేషన్ భద్రతపై అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు అనుమతించే గరిష్ఠం చదరపు మీటరుకు 10 వాట్లు. 75 వాట్ల ఫ్యాన్ తిరగాలంటే సరిగ్గా ఆ గరిష్ఠం దగ్గర కూడా 7.5 చదరపు మీటర్ల యాంటెన్నా కావాలి, అదీ ఒక్క శాతం కూడా నష్టపోకుండా. ఇంటి చుట్టూ నిజంగా ఉండేది ఆ పరిమితిలో వెయ్యో వంతో, అంతకన్నా తక్కువో. నడినెత్తిన ఎండ మాత్రం చదరపు మీటరుకు 1000 వాట్లు ఇస్తుంది.

అపోహ: ఏ డయోడ్ అయినా సరిపోతుంది

వీడియోల్లో ఎక్కువగా కనిపించేది 1ఎన్4007. పవర్ సప్లైల్లో 50 హెర్ట్జ్‌కు అది చక్కని డయోడ్. కానీ దాని జంక్షన్ కెపాసిటెన్స్ (డయోడ్ లోపలే ఉండే కెపాసిటర్ గుణం) సుమారు 15 పికోఫారడ్‌లు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది 12 ఓంలకు సమానం, అంటే సిగ్నల్ రెండు వైపులా హాయిగా దాటిపోతుంది, డీసీగా మారదు. ఒకసారి ఆన్ అయ్యాక ఆఫ్ కావడానికి దానికి మైక్రోసెకన్లు పడుతుంది. 900 మెగాహెర్ట్జ్ ఒక సైకిల్ 1.1 నానోసెకన్లలో అయిపోతుంది.

అందుకే 1ఎన్4007తో చేసిన ‘రేడియో హార్వెస్టర్’లో (తరంగాల శక్తిని పట్టే పరికరంలో) ఏదైనా వోల్టేజీ కనబడితే, అది గోడల్లోని మెయిన్స్ వైరింగ్ నుంచి వచ్చిన 50 హెర్ట్జే అని ముందుగా అనుమానించాలి. దీనికి నిజంగా పనికొచ్చేవి ఎస్‌ఎమ్‌ఎస్7630, హెచ్‌ఎస్‌ఎమ్‌ఎస్-2850 లాంటి, అతి చిన్న వోల్టేజీకే పనిచేసే జీరో బయస్ షాట్కీ డయోడ్లు. వీటి జంక్షన్ కెపాసిటెన్స్ 0.2 పికోఫారడ్ లోపే.

సరైన డయోడ్ పెట్టినా ఇంకో అడ్డంకి ఉంది. సిగ్నల్ బాగా చిన్నదైతే డయోడ్ స్విచ్‌లా పనిచేయదు, వర్గ నియమంలోకి వెళ్తుంది. లోపలికొచ్చే పవర్ సగమైతే బయటికొచ్చే డీసీ పవర్ నాలుగో వంతు అవుతుంది. 10 మైక్రోవాట్లు అందినప్పుడు బాగా ట్యూన్ చేసిన సర్క్యూట్‌లో అయిదో వంతు దక్కితే మంచి ఫలితం. 1 మైక్రోవాట్ దగ్గర దక్కేది కొద్ది శాతమే.

ఒకదాని మీద ఒకటిగా డయోడ్-కెపాసిటర్ జతల మెట్లు పెంచితే పవర్ పెరుగుతుందన్నదీ పొరపాటే. పెరిగేది వోల్టేజీ. కరెంటు అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి మెట్టూ తన నష్టం తాను తీసుకుంటుంది.

అపోహ: మీటర్ 7 వోల్టులు చూపించింది, ఇంకేం రుజువు కావాలి?

ఎక్కువమంది నిజాయితీగానే మోసపోయేది ఇక్కడే. ఈ రంగంలో వోల్టేజీ ఒక్కటే ఏమీ చెప్పదు. గదిలోని 230 వోల్టుల వైరింగ్‌కూ మీ వైరుకూ మధ్య 10 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటే చాలు, 0.7 మైక్రోఆంపియర్ ప్రవహిస్తుంది. డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓంలు. రెండూ గుణిస్తే తెర మీద 7 వోల్టులు. అక్కడే 10 కిలోఓంల రెసిస్టర్ తగిలిస్తే 7 మిల్లీవోల్టులు.

ఎల్‌ఈడీ వెలిగినా అంతే. ఇప్పటి మంచి ఎర్ర ఎల్‌ఈడీ 10 మైక్రోఆంపియర్ల దగ్గరే చీకట్లో కంటికి కనిపిస్తుంది. అంటే సుమారు 18 మైక్రోవాట్లు. దాన్ని ఫోన్ చార్జింగ్‌తో పోల్చకూడదు. 4000 మిల్లీఆంపియర్-అవర్ల (ఎంఏహెచ్) ఫోన్ బ్యాటరీలో 55 వేల జౌళ్లు పడతాయి. 1 మైక్రోవాట్ చొప్పున నింపితే దాదాపు 1750 ఏళ్లు పడుతుంది.

మరికొన్ని చోట్ల శక్తి ఇంకెక్కడి నుంచో వస్తుంటుంది. ‘తనంతట తానే చార్జ్ అయ్యే’ కెపాసిటర్ వీటిలో ముఖ్యమైనది. 1000 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్‌ను ఓ గంట 25 వోల్టుల దగ్గర ఉంచి, కాళ్లు కలిపి 10 సెకన్లు షార్ట్ చేసి వదిలేయండి. మొదట సున్నా. కాసేపట్లో 0.1, 0.3, 0.5... అలా ఎక్కుతూ వోల్ట్ దరిదాపులకు రావచ్చు. యాంటెన్నా లేదు, ఏమీ లేదు. లోపలి డైఎలక్ట్రిక్‌లో ఇంకిన చార్జ్ మెల్లగా బయటికి వస్తోంది, అంతే. దీన్ని డైఎలక్ట్రిక్ అబ్సార్ప్షన్ అంటారు.

ఇంకొకటి ఎర్త్. జింక్ పూతున్న ఇనుప కడ్డీ ఒకటి, రాగి కడ్డీ ఒకటి తడి నేలలో దిగ్గొడితే 0.7 నుంచి 1 వోల్ట్ వరకు వస్తుంది. అది బ్యాటరీ. జింక్ కరుగుతున్నంత కాలం ఇస్తుంది. దానికి జూల్ థీఫ్ అనే, తక్కువ వోల్టేజీని పెంచే సర్క్యూట్ కలిపితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ‘అయిపోయిన’ సెల్‌లో మిగిలిన 0.9 వోల్ట్‌తో కూడా వెలుగుతుంది. హై టెన్షన్ లైను కింద ట్యూబ్‌లైట్ వెలగడం కూడా రేడియో కాదు, ఆ లైను 50 హెర్ట్జ్ విద్యుత్ క్షేత్రం.

మీరే పరీక్షించాలంటే

కెపాసిటర్లన్నిటినీ 100 ఓంల రెసిస్టర్‌తో రాత్రంతా షార్ట్ చేసి ఉంచండి. తర్వాత అవుట్‌పుట్‌కు 10 కిలోఓంల లోడ్ పెట్టి, దాని మీద వోల్టేజీ కొలిచి, దాని వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగించండి. వచ్చేదే పవర్. 1 కిలోఓం, 100 కిలోఓంలతోనూ చేసి, ఎక్కడ ఎక్కువొస్తే అది రాసుకోండి.

ఇంకా నమ్మకమైన కొలత కావాలంటే 10 మైక్రోఫారడ్‌ల ఫిల్మ్ కెపాసిటర్ నింపి చూడండి. 2 వోల్టులకు చేరితే అందులో 20 మైక్రోజౌళ్లు ఉన్నట్టు. 20 సెకన్లు పడితే సగటు పవర్ 1 మైక్రోవాట్. ఇక్కడ ఎలక్ట్రొలిటిక్ వాడకండి, దాని లీకేజీయే మీరు పట్టినదాన్ని తాగేస్తుంది. మీటర్‌నూ తగిలించి ఉంచకండి. 2 వోల్టుల దగ్గర 10 మెగాఓంల మీటర్ ఒక్కటే 0.4 మైక్రోవాట్ తింటుంది. చివర్లో ఒక్క క్షణం తాకించి చూడండి.

తర్వాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి. అవుట్‌పుట్ పడిపోతే అది 50 హెర్ట్జ్, లేదా మీ సొంత రౌటర్. రౌటర్‌ను పవర్ బ్యాంకుతో మళ్లీ నడిపితే ఏదో తేలిపోతుంది. చివరగా మొత్తం సర్క్యూట్‌ను గట్టి మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టండి. డబ్బా పనిచేస్తోందో లేదో ముందు ఫోన్ లోపల పెట్టి కాల్ చేసి చూసుకోండి, మోగితే మూత దగ్గర సందు ఉన్నట్టే. డబ్బాలో కూడా కరెంటు వస్తూనే ఉంటే మూలం లోపలే ఉంది: సెల్, పాత చార్జ్, లేదా లోహాల మధ్య రసాయన చర్య.

ఒక హెచ్చరిక. పొడవైన వైరును ఎత్తున కట్టే ప్రయోగాలు కరెంటు లైన్లకు దూరంగా చేయండి. మబ్బు పట్టగానే వైరును ఇంటి బయటే ఎర్త్‌కు కలిపేసి వదిలేయండి.

అపోహ: టెస్లా ఎప్పుడో చేసి చూపించాడు, తొక్కేశారు

అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో ఆవిష్కర్త నికోలా టెస్లా 1901లో మొదలుపెట్టిన వార్డెన్‌క్లిఫ్ టవర్ ఉద్దేశం గాలిలోంచి శక్తి పుట్టించడం కాదు. సందేశాలను, జనరేటర్‌తో తయారుచేసిన కరెంటును వైర్లు లేకుండా పంపడం. డబ్బు అందక అది ఆగింది, 1917లో టవర్‌ను కూల్చేశారు. అదే 1901లో ఆయనకు ‘రేడియంట్ ఎనర్జీ’ మీద వచ్చిన పేటెంట్‌లో ఎత్తున ఒక లోహపు పలక, కెపాసిటర్, ఎర్త్ ఉంటాయి. పలక మీద పడే కిరణాలతో చార్జ్ చేరడం గురించి అది. రేడియో స్టేషన్ల శక్తిని పట్టడం గురించి కాదు.

దీనికే ముడిపడిన మరో మాట, ‘వాతావరణంలో మీటరుకు 100 వోల్టులున్నాయి’ అన్నది. నిజమే, నిర్మలమైన రోజున ఉంటాయి. కానీ ఆ క్షేత్రం వల్ల ప్రవహించే కరెంటు చదరపు మీటరుకు సుమారు 2 పికోఆంపియర్లు (పికో అంటే లక్ష కోట్లో వంతు).

అపోహ: ఫోన్ చార్జ్ చేసే పరికరాన్ని ప్రదర్శనలోనే చూపించారు కదా

2010లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో వైఫై నుంచి చార్జ్ అవుతుందంటూ ఎయిర్నర్జీ అనే పరికరాన్ని చూపించారు. 90 నిమిషాల్లో బ్లాక్‌బెర్రీ ఫోన్‌ను 30 శాతం నుంచి పూర్తిగా నింపిందన్నారు. బ్యాటరీ 1400 మిల్లీఆంపియర్-అవర్లని అనుకుంటే 70 శాతం అంటే 3.6 వాట్-అవర్లు. గంటన్నరలో నింపాలంటే 2.4 వాట్లు కావాలి. 100 మిల్లీవాట్ల రౌటర్లు 24 ఆపకుండా ప్రసారం చేస్తూ, తమ శక్తినంతా ఒక్క తుంపరైనా పక్కకు పోకుండా ఆ పరికరంలోనే పోస్తే తప్ప కుదరదు.

మరి నిజంగా పనిచేసేవి

పంపేవాళ్లు కావాలని, తగినంత పంపినప్పుడు ఇదే విద్య అద్భుతంగా పనిచేస్తుంది. బ్యాటరీ లేని ట్యాగ్‌లను రేడియోతో చదివే యూహెచ్‌ఎఫ్ ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ 4 వాట్ల ఈఐఆర్‌పీతో (యాంటెన్నా ఒకవైపు కేంద్రీకరించడాన్నీ కలిపిన పవర్‌తో) పంపితే 10 మీటర్ల దగ్గరున్న ట్యాగ్‌కు సుమారు 40 మైక్రోవాట్లు అందుతాయి. చిప్ మేలుకోవడానికి అది చాలు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో 26 మీటర్ల డిష్‌తో ఒకటిన్నర కిలోమీటర్ల అవతలికి మైక్రోవేవ్ పంపి 30 కిలోవాట్లకు పైగా డీసీ రాబట్టారు. అక్కడ పంపిన ట్రాన్స్‌మిటర్ వందల కిలోవాట్లది.

పరిసరాల్లోని సిగ్నళ్లతో సెన్సర్ నడపాలనుకునే వారు ముందు ఆ శక్తిని పోగుచేసే పవర్ చిప్ కోల్డ్ స్టార్ట్ చూసుకోవాలి. బీక్యూ25570 అనే అలాంటి చిప్‌కు ఖాళీ స్థితి నుంచి మేలుకోవడానికి దాదాపు 600 మిల్లీవోల్టులు, 15 మైక్రోవాట్లు కావాలి. మీ చోట కొలిస్తే 1 మైక్రోవాటే వస్తోందంటే అది ఎన్నాళ్లు ఎదురుచూసినా మేలుకోదు. అలాంటి చోట అదే చిప్‌కు అగ్గిపెట్టెంత ఇండోర్ సోలార్ సెల్ తగిలించండి. లైటు వెలుగుతున్న గదిలో 100 మైక్రోవాట్ల పైచిలుకు ఇస్తుంది. పదిహేను నిమిషాలకోసారి ఉష్ణోగ్రత కొలిచి పంపి నిద్రపోయే సెన్సర్‌కు అది సరిపోతుంది.