హీ-మ్యాన్ కత్తి వెనుక నలభై ఏళ్ల కథ

2021 జులై 23న నెట్‌ఫ్లిక్స్‌లో 'మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్: రెవలేషన్' అనే కార్టూన్ సిరీస్ విడుదలైనప్పుడు, మాయకత్తి ఎత్తి మహాబలుడిగా మారే కార్టూన్ వీరుడు హీ-మ్యాన్‌ను చిన్నతనంలో చూసి పెరిగిన అభిమానులు ఎంతోమంది మండిపడ్డారు. మొదటి ఎపిసోడ్‌లోనే హీ-మ్యాన్ ప్రాణాలు కోల్పోతాడు. ఆపై కథను నడిపించేది అతని సహచరి, యోధురాలు టీలా. ఆడపాత్రకు పెద్దపీట వేయడాన్ని ఓర్వలేనితనం ఆ కోపంలో కొంత ఉన్నదని ఒప్పుకోవాలి. అయితే ట్రైలర్‌లో హీ-మ్యాన్‌నే ముందుంచి ఊరించారన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.

ఈ తగవు మూలాలు తెలియాలంటే బొమ్మల అంగడి దాకా వెళ్లాలి. హీ-మ్యాన్ ముందు బొమ్మగా పుట్టాడు. మ్యాటెల్ కంపెనీ అతణ్ణి 1982లో మార్కెట్‌లోకి తెచ్చింది. అంతకుముందు 1969లో అదే కంపెనీ బొమ్మ కార్ల పేరుతో 'హాట్ వీల్స్' కార్టూన్ వచ్చినప్పుడు, అది కార్యక్రమం రూపంలో ఉన్న ప్రకటనేనని పోటీ కంపెనీ ఫిర్యాదు చేయగా, అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పింది. రీగన్ ప్రభుత్వం వచ్చాక, మార్క్ ఫౌలర్ ఆ సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న కాలంలో ఈ పట్టు సడలింది. 1983 సెప్టెంబరులో హీ-మ్యాన్ కార్టూన్ తెరకెక్కింది.

దానిని తీసిన ఫిల్మేషన్ స్టూడియో, ఇతర సంస్థలు చవకగా విదేశాల్లో బొమ్మలు గీయిస్తున్న రోజుల్లోనూ పనిని అమెరికాలోనే ఉంచింది. వారానికి ఐదు రోజుల చొప్పున ప్రసారమయ్యేలా ఒక్కో సీజన్‌కు 65 ఎపిసోడ్లు కావాలి. డబ్బు చూస్తే తక్కువ. అందుకే ఒకసారి గీసిన దృశ్యాలనే మళ్లీ మళ్లీ వాడుకున్నారు. రాకుమారుడు ఆడమ్ కత్తి పైకెత్తుతాడు, వెనుక కోట మీద మెరుపులు మెరుస్తాయి, అతను హీ-మ్యాన్ అవుతాడు. ఆ కత్తిని చూపగానే, అంతవరకు గజగజ వణుకుతున్న ఆకుపచ్చ పులి క్రింజర్ గర్జిస్తూ బ్యాటిల్ క్యాట్‌గా మారుతుంది. అవే ఫ్రేములు, అదే సంగీతం, ఎపిసోడ్ తరువాత ఎపిసోడ్. పొదుపు కోసం చేసిన ఆ పునరావృతమే పిల్లల మనసుల్లో మంత్రంలా నాటుకుపోయింది. దూరదర్శన్‌లో ఆ కార్టూన్ చూసిన మన పిల్లలు చీపురు పుల్లను కత్తిగా ఎత్తినా, ఎత్తింది ఆ దృశ్యాన్నే. వ్యాపారం కోసం పుట్టిన బొమ్మే కావచ్చు గాని, దాని మీద పిల్లలు పెంచుకున్న ప్రేమ అమ్మకానికి వచ్చిన సరుకు కాదు. పాత కథను కొత్తగా మళ్లీ తీసేవారు (రీబూట్ చేసేవారు) ఈ రెంటినీ విడదీసి చూడకపోవడం వల్లనే చిక్కు వస్తున్నదని నా అభిప్రాయం.

హీ-మ్యాన్ కవల సోదరి షీ-రా కథానాయికగా 1985లో వచ్చిన కార్టూన్‌ను 2018లో కొత్తగా తీసినప్పుడు జరిగిందీ ఇటువంటిదే. కొత్త రూపం తాలూకు చిత్రాలు బయటకు రాగానే, పాత షీ-రాలోని నిండైన యువతి ఏమైందని పెద్దవాళ్లు నిలదీశారు. కానీ ఎన్.డి. స్టీవెన్సన్ తీర్చిదిద్దిన ఆ సిరీస్ ఈనాటి పిల్లల కోసం ఉద్దేశించినది. అందులో కథానాయిక కౌమారంలో ఉన్న అమ్మాయి. అది ఐదు సీజన్లు నడిచి తన ప్రేక్షకులను తాను సంపాదించుకున్నది.

'రెవలేషన్' అలా కాదు. పాత కథకు కొనసాగింపుగా, పాత అభిమానులనే పిలిచి కూర్చోబెట్టిన సిరీస్ అది. అదే 2021 సెప్టెంబరులో పిల్లల కోసం వేరుగా తీసిన హీ-మ్యాన్ వచ్చి, అతని మిత్రులకు కూడా శక్తులు పంచిపెట్టినా ఇంత రభస జరగలేదు. 2024 జనవరిలో వచ్చిన తరువాయి భాగం 'రెవల్యూషన్'లో హీ-మ్యాన్‌ను మళ్లీ కథ నడిమధ్యకు తెచ్చి నిలబెట్టారు.