కట్టెను చూస్తే మంట తెలుస్తుంది

ఇచ్ఛాపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం దాకా ఉన్న ఒడిశా సరిహద్దు ఊళ్లలో గ్యాసు బండ ఉన్న ఇళ్లలో కూడా నీళ్లు కాచుకోవడానికో, పెళ్లి వంటకో కట్టెల పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. తీరం వైపు సరుగుడు, జీడిమామిడి, కొండల వైపు గుగ్గిలం, నల్లమద్ది, ఊరి చుట్టూ చింత, తుమ్మ దొరికే ఈ ప్రాంతంలో ఏ కట్టె మంచిదని అడిగితే అందరూ చెట్టు పేరే చెబుతారు. అందులో నిజం కొంతే.

బాగా ఆరిన కట్టెను తూచి కాలిస్తే, ఏ చెట్టుదైనా కిలోకు వచ్చే వేడి దాదాపు ఒక్కటే, సుమారు 4,500 కిలోకేలరీలు. తేడా అంతా సాంద్రతలో ఉంది. సరుగుడు దుంగ ఎత్తితే బరువు చేతికి తెలుస్తుంది. అదే లావున్న బూరుగు దుంగ అందులో సగం కూడా తూగదు. అగ్గిపుల్లలకు పనికొచ్చే బూరుగు ఇట్టే అంటుకుని ఇట్టే ఆరిపోతుంది. సరుగుడు, చింత, తుమ్మ మాత్రం ఆలస్యంగా అంటుకున్నా, మంట తగ్గాక కూడా గట్టి నిప్పులు మిగులుస్తాయి.

గుర్తు పట్టడానికి బెరడు, కోసిన ముఖం రెండూ చూడాలి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. నల్లతుమ్మ బెరడు నల్లగా, నిలువు పగుళ్లతో ఉండి, లోపలి చేవ గోధుమ ఎరుపులో కనిపిస్తుంది. గుగ్గిలం చెట్టు నుంచి కారే బంక ధూపానికి వాడేదే. మోదుగ కట్టె వంకర టింకరగా, తెల్లగా, మెత్తగా ఉంటుంది. హోమంలో సమిధగా దానికున్న గౌరవం వంటింట్లో లేదు.

చెట్టు కన్నా ముఖ్యమైనది తడి. పచ్చి కట్టె బరువులో సుమారు సగం నీరే. అలాంటి కిలో కట్టెలో కాలే పదార్థం అరకిలో. అది ఇచ్చే 2,250 కిలోకేలరీలలో మూడు వందల దాకా ఆ నీటిని కాచి ఆవిరి చేయడానికే పోతాయి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. వేడెక్కిన కట్టె నుంచి వెలువడే వాయువులు కాలితేనే మంట, కాలకుండా పోతే పొగ. తడి వల్ల పొయ్యిలో వేడి పడిపోయినప్పుడు ఆ వాయువులు కాలకుండానే కళ్లు మండించి వెళ్లిపోతాయి. కోసిన ముఖం మీద నురగ పొంగి సుయ్‌మని చప్పుడు వస్తే కట్టె ఇంకా పచ్చిదనే అర్థం.

ఎండిన కట్టె కోత ముఖం మీద నడిమి నుంచి అంచుకు బీటలు కనిపిస్తాయి. కట్టె ఎండేటప్పుడు నడిమి నుంచి అంచు వైపుకన్నా చుట్టు వైపు సుమారు రెండింతలు కుంచించుకుపోవడం వల్ల అవి ఏర్పడతాయి. బెరడు వదులవుతుంది. రెండు ముక్కలు కొడితే ఖణేల్‌మంటుంది, పచ్చిది దబ్‌మంటుంది. అందుకే తూకానికి కొనేవారు చెట్టు పేరు కన్నా ఆరుదలను, మోపుల లెక్కన కొనేవారు చెట్టును చూడటం లాభం.

తేలికగా ఉన్న కట్టె అంతా ఎండినదని అనుకోకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి తోటలను కూల్చింది. అలా కూలిన చెట్ల కట్టెను నేల మీదే పేరిస్తే అడుగు వరుసలకు బూజు పడుతుంది. బూజు కట్టెలోని సెల్యులోజును తినేస్తుంది కాబట్టి బరువు తగ్గుతుంది, వేడి కూడా తగ్గుతుంది. గోరు దిగేంత మెత్తబడిన ముక్కను రాజేయడానికి వాడుకోవచ్చు గానీ వంట మొత్తానికి దాన్ని నమ్ముకోలేం.