వాల్వు ఎవరి కోసం? ఆయుధ ఎగుమతి లైసెన్సు వెనక కథ

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు నడిపే మిత్రుడికి గల్ఫ్ నుంచి నలభై వాల్వు బాడీల ఆర్డరొచ్చింది. మామూలు స్టీలైతే ఇన్వాయిసు, షిప్పింగ్ బిల్లుతో పనైపోయేది. వాళ్లడిగింది నికెల్ ఎక్కువున్న మిశ్రలోహం. కస్టమ్స్ ఏజెంటు డ్రాయింగు చూసి, "స్కోమెట్‌లో పడుతుందేమో కనుక్కోండి గురువుగారూ" అన్నాడట. అనుమతి లేకుండా దేశం దాటించకూడని సరుకుల ప్రభుత్వ జాబితా అది. మావాడు ఆ మాట వినడం అదే మొదలు. నాకు ఫోన్ చేసి, "నేను పంపేది ఇనప ముక్కరా బాబూ, ఫిరంగి కాదు" అని మొత్తుకున్నాడు.

నాకే ఎందుకంటే, మా గుంటూరు మేనకోడలు ఢిల్లీలో అలాంటి ఫైళ్లు చదివే ఉద్యోగంలో ఉంది. విశ్లేషకురాలు అంటే చుట్టాలకి అర్థం కాక, "కస్టమ్స్‌లో చేస్తోంది" అని చెప్పేసుకుంటారు. ఆమె చదివేవి వాల్వు కొలతలు, లోహంలో ఏది ఎంత శాతం అన్న లెక్కలు, కొనేవాడి చిరునామా, సరుకు దేనికి వాడతానో అతను రాసిచ్చిన తుది వినియోగదారు ధ్రువపత్రం. ఆ చిరునామాలో ఫ్యాక్టరీ ఉందా? ఉంటే దానికి నలభై వాల్వులు పడతాయా? అక్కణ్ణుంచి సరుకు ఇంకో దేశం దాటుతుందా? ఇవన్నీ చూసి నోట్ రాస్తే, అది వివిధ మంత్రిత్వ శాఖల ప్రతినిధులు కూర్చునే కమిటీ ముందుకు వెళ్తుంది. "వస్తువు సంగతి గంటలో తేలిపోతుంది మావయ్యా, మనిషి సంగతే తేలదు" అంటుంది.

మనిషి సంగతి అడగడం మన తీరానికి పాత అలవాటేం కాదు. పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ రేవుల నుంచి ఉక్కు దిమ్మలు వేలకు వేలు పర్షియాకు వెళ్లాయి. అక్కడ అవి కత్తులయ్యాయి. ఎవరి మీదికి దూస్తారని బందరు రేవులో ఎవరైనా అడిగిన దాఖలా నేనైతే చూడలేదు.

ఆ ప్రశ్నకి ఒక యంత్రాంగం ఏర్పడింది ప్రచ్ఛన్నయుద్ధంలో. సోవియట్ కూటమికి ఏవి అమ్మకూడదో తేల్చుకోవడానికి అమెరికా, దాని మిత్రదేశాలు 1949లో కోకామ్ అనే కమిటీ పెట్టుకున్నాయి. జాబితాలో ఆయుధాలతో పాటు యంత్రాలూ ఉండేవి. 1987లో బయటపడిన జపాన్ కంపెనీ తోషిబా మెషీన్ వ్యవహారం అందుకే పెద్ద రభసైంది. తొమ్మిది అక్షాల మిల్లింగ్ మిషన్లను కాగితాల మీద సాదా మిషన్లుగా చూపించి సోవియట్లకు అమ్మారు. జలాంతర్గాముల ప్రొపెల్లర్లను చప్పుడు తగ్గేలా చెక్కడానికి పనికొచ్చే మిషన్లవి. అమెరికా చట్టసభ సభ్యులు కొందరు పార్లమెంటు భవనం ముందే సమ్మెటలతో తోషిబా రేడియోని పగలగొట్టారు.

మావాడి వాల్వు కథ ఇరాక్ నుంచి మొదలవుతుంది. ఇరాన్‌తో యుద్ధంలో ఇరాక్ రసాయన ఆయుధాలు వాడింది. వాటికి కావలసిన రసాయనాలు, సామగ్రి చాలావరకు మామూలు వ్యాపారం దారిలోనే చేరాయని తేలాక, 1985లో అలాంటి సరుకు ఎగుమతి మీద కన్నేసి ఉంచే దేశాల బృందం ఆస్ట్రేలియా గ్రూప్ పుట్టింది. 25 శాతం మించి నికెల్, 20 శాతం మించి క్రోమియం ఉన్న లోహంతో చేసిన వాల్వులు ఆ గ్రూప్ జాబితాలోకి వచ్చింది అందుకే. ఘాటు ఆసిడ్లకు తట్టుకునే గొట్టం ఎరువుల ఫ్యాక్టరీకీ కావాలి, విషవాయువు చేసేవాడికీ కావాలి.

ఇరాక్‌కే బ్రిటన్ కంపెనీ మ్యాట్రిక్స్ చర్చిల్ లేత్‌లు అమ్మింది. లైసెన్సు కాగితాల్లో మామూలు ఇంజనీరింగ్ పనికని ఉంది. ఫిరంగి గుళ్ల తయారీకని ప్రభుత్వంలో కొందరికి తెలుసు. కంపెనీ అధికారుల మీద కేసు పెట్టారు. తీరా చూస్తే వాళ్లలో ఒకాయన బ్రిటన్ గూఢచారి సంస్థకే కబుర్లు మోస్తున్నవాడు! 1992 నవంబరులో కేసు కుప్పకూలింది. 1996లో వచ్చిన స్కాట్ నివేదిక, పార్లమెంటుకి చెప్పకుండానే నిబంధనలు సడలించారని బయటపెట్టింది. 1939 నాటి యుద్ధకాలపు చట్టంతోనే నెట్టుకొచ్చిన బ్రిటన్ 2002లో గానీ కొత్త చట్టం చేసుకోలేదు.

మనం చాలాకాలం ఈ గుమ్మానికి బయటే నిలబడ్డాం. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత మనలాంటి వాళ్ల కోసమే అణు సరఫరాదారుల బృందం ఏర్పడింది. రష్యాతో క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్ల ఒప్పందం కుదుర్చుకుంటే, 1992లో అమెరికా ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. ఇంజన్లు వచ్చాయి, పరిజ్ఞానం రాలేదు. 1998 పరీక్షల తర్వాత రెండొందలకు పైగా భారత సంస్థలు అమెరికా నిషేధ జాబితాకెక్కాయి. డీఆర్‌డీవో, భారత్ డైనమిక్స్ పేర్లు 2011లో గానీ పోలేదు. "మీరెవరు, ఎందుక్కావాలి" అని అడిగించుకోవడం ఎలా ఉంటుందో హైదరాబాద్ ల్యాబుల్లో పనిచేసిన మన పాతతరం ఇంజనీర్లను అడగాలి.

గుమ్మం లోపలికి అడుగులు మెల్లగా పడ్డాయి. 2000లో స్కోమెట్ జాబితా వచ్చింది. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏక్యూ ఖాన్ అణు బజారు బయటపడిన 2004లోనే ఐక్యరాజ్యసమితి భద్రతామండలి, అలాంటి ఆయుధాలు ఉగ్రవాదుల్లాంటి వాళ్ల చేతికి పోకుండా ప్రతి దేశం చట్టాలు చేసుకోవాలని 1540వ తీర్మానం చేసింది. మరుసటేడు మనకు సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం వచ్చింది. వస్తువు జాబితాలో లేకపోయినా, అలాంటి ఆయుధానికే వాడతారని తెలిస్తే పంపకూడదన్న నిబంధన మెడకు చుట్టుకునేది ఇక్కడే. 2016లో క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ కూటమిలో, 2017 డిసెంబరులో మామూలు ఆయుధాలు, పౌర-సైనిక అవసరాలు రెండింటికీ పనికొచ్చే సరుకు ఎగుమతిని చూసే వాసెనార్ కూటమిలో, 2018 జనవరిలో ఆస్ట్రేలియా గ్రూప్‌లో చేరాం. స్కోమెట్ జాబితాలో ఖాళీగా పడి ఉన్న ఆరో విభాగాన్ని సైనిక సరుకుతో నింపింది 2017లోనే. అణు సరఫరాదారుల బృందం తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. వాల్వులాంటి రెండు రకాలుగా పనికొచ్చే సరుకు చాలావరకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ చూస్తుంది. ఆరో విభాగానికి అనుమతిచ్చేది మాత్రం రక్షణ శాఖలోని ఉత్పత్తి విభాగం. ఎగుమతులు పెంచమని వెంటపడేదీ ఆ విభాగమే. 2013-14లో 686 కోట్ల రూపాయలున్న రక్షణ ఎగుమతులు 2024-25కి 23,622 కోట్లకు చేరాయి. 2029కి 50,000 కోట్లు లక్ష్యం. అమ్మకం లెక్క, అడ్డుచెప్పే అధికారం ఒకే గొడుగు కింద ఉంటే విశ్లేషకుడి నోట్‌కి ఎంత బరువుంటుంది? స్కాట్ నివేదిక చదివినవాళ్లకి ఈ అనుమానం రాక మానదు. 2013లో ఐక్యరాజ్యసమితి ఆయుధ వాణిజ్య ఒప్పందాన్ని ఓటుకి పెట్టినప్పుడు, అది ఎగుమతి చేసే దేశాల వైపే మొగ్గుతోందని మనం ఓటింగుకి దూరంగా ఉన్నాం. ఇప్పుడు ఆ వరసలో నిలబడాలని తొందరపడుతున్నది మనమే. ఈ మాటంటే మేనకోడలు నవ్వేసి, కాఫీ తాగుతావా మావయ్యా అంటుంది.

మావాడి విషయానికొస్తే, అతని లోహంలో నికెల్ యాభై శాతం పైనే. లైసెన్సు కావాల్సిందే. పోర్టల్లో దరఖాస్తు సగం నింపాడు. కొనేవాణ్ణి ధ్రువపత్రం మీద సంతకం పెట్టి పంపమని మూడుసార్లు మెయిల్ చేశాడు. జవాబు రాలేదు. వాల్వు బాడీలు గ్రీజు పూసుకుని, గోనె పట్టాలు కప్పుకుని లేత్ పక్కనే ఉన్నాయి.