ఊపిరి సంగతి ముందే అడగాలి, రోగినే అడగాలి

మోటార్ న్యూరాన్ జబ్బులో కండరాలను కదిలించే నాడీకణాలు మెల్లగా చచ్చిపోతాయి. అది మొదలైనప్పుడు చాలామందికి చొక్కా గుండీ పట్టుబడదు, లేదా కాలి చెప్పు తెలీకుండానే జారిపోతుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించుకుని, అక్కణ్ణుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కో హైదరాబాద్ నిమ్స్‌కో పోయి, జబ్బు పేరు తేలేసరికి నెలలు గడిచిపోతాయి. ఇంటికొచ్చాక అందరి దిగులూ చేతులూ కాళ్ల మీదే. ఊపిరి మాట ఎవరూ ఎత్తరు. చాలామందికి చివరికి ప్రాణం మీదికి తెచ్చేది అదే.

గాలి పీల్చడంలో పెద్ద పని ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరానిది. దాన్ని కదిలించే నరం మెడ భాగంలోని వెన్నుపాము నుంచి వస్తుంది. అక్కడి నాడీకణాలు చచ్చిపోయేకొద్దీ కండరం నీరసపడుతుంది. ఊపిరితిత్తులకు ఏ రోగమూ ఉండదు. కొలిమిలో తిత్తి బాగానే ఉన్నా దాన్ని ఆడించే చెయ్యి పట్టు తప్పినట్టన్నమాట.

ఇది ఎప్పుడూ ఆయాసంతోనే మొదలవ్వదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. తల కింద రెండు దిండ్లు, తర్వాత మూడు, ఆపైన కుర్చీలోనే నిద్ర. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ సరిగా బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది కాబట్టి లేవగానే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు. డాక్టర్ ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాదాపు 40 దాకా పోతారు. 15 దగ్గరే గుక్క అయిపోతే ఊపిరి బలం బాగా తగ్గిందనే అర్థం. ఇలాంటప్పుడు డాక్టర్‌ను అడక్కుండా ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టడం మంచిది కాదు. ఆక్సిజన్ అంకె బాగానే కనిపిస్తుంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మగతలోకి జారిపోవచ్చు.

కావలసింది గాలిని లోపలికి నెట్టే సాయం. బైపాప్ మాస్క్ చేసేది అదే. 2006లో ఇంగ్లండులో వచ్చిన ఒక అధ్యయనంలో, గొంతు కండరాలు మరీ దెబ్బతిననివాళ్లు దీనితో సగటున దాదాపు ఏడు నెలలు ఎక్కువ బతికారు. అలవాటు పడ్డానికి కొన్ని వారాలు పట్టొచ్చు. వద్దనిపిస్తే తీసేయొచ్చు. అందుకే, ఒకసారి పెట్టి చూడమనే నేనంటాను.

గొంతుకు రంధ్రం చేసి ట్యూబు పెట్టి, వెంటిలేటర్ తగిలించడం వేరే సంగతి. దానితో ఏళ్ల తరబడి బతకొచ్చు, కానీ జబ్బు ఆగదు. స్టీఫెన్ హాకింగ్‌కు 1985లో గొంతుకు ఆ రంధ్రం చేశారు, 2018 దాకా ఉన్నారు. ఆయన జబ్బు అరుదైనంత నిదానంగా ముదిరింది, పగలూ రాత్రీ నర్సులుండేవాళ్లు. ఆదోనిలోనో పులివెందులలోనో ఒక మామూలు ఇంట్లో అయితే కఫం లాగే మిషన్ కావాలి, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్ కావాలి, రాత్రంతా మేలుకునే మనిషి కావాలి. ఆ మనిషి సాధారణంగా భార్యో కోడలో. ఇవన్నీ తెలిసి 'వద్దు' అన్నవాళ్లకు చికిత్స ఆగిపోయినట్టు కాదు. మార్ఫిన్ లాంటి మందులతో ఊపిరాడని బాధను తగ్గించవచ్చు, తగ్గించాలి కూడా.

నన్ను కలవరపెట్టేది మరొకటి. "మా నాయనకు చెప్పొద్దు సార్, బెంగ పెట్టుకుంటాడు" అంటారు కొడుకులు. ప్రేమతోనే అంటారు. అలా నెట్టుకొస్తూ ఒక అర్ధరాత్రి అనంతపురం ఆసుపత్రి క్యాజువాలిటీలో, తండ్రి స్పృహలో లేనప్పుడు, "ట్యూబు వేయమంటారా?" అన్న ప్రశ్న ఆ కొడుకు మీదే పడుతుంది. ఐదు నిమిషాల్లో చెప్పాలి. ఆ తండ్రి బుర్ర మొన్నటిదాకా చురుగ్గానే ఉంది, ఎవరూ అడగలేదంతే. వెంటిలేటర్ మీద బతుకు ఎలా ఉంటుందో బయటివాళ్లు ఊహించేదానికీ, బతికేవాళ్లు చెప్పేదానికీ చాలా తేడా ఉంటుందని పరిశోధనలు చూపించాయి. కాబట్టి కొడుకు ఊహ తండ్రి మాటకు సాటిరాదు. మాట పోయే జబ్బిది, కొందరిలో ఆలోచనా తడబడుతుంది. అందుకే పెందలాడే అడగాలి.

స్పృహలో ఉన్నంతవరకు రోగి మాటే చెల్లుతుంది. మాట్లాడలేని స్థితి వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవడానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపింది, 2023లో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మనసు మారితే ఎప్పుడైనా మార్చి రాయొచ్చు. రాసిన కాగితం బీరువాలో దాచిపెట్టకుండా, ఒక జిరాక్స్ ఆసుపత్రి ఫైల్లో, ఇంకొకటి 108 వచ్చినప్పుడు చేతికందే చోట ఉంచండి.