ఊహలో గుప్పిట బిగిస్తే తలలో ఏం తగ్గుతుంది?

"తలకు టోపీలాంటిది తొడిగి మనసులో ఏమనుకుంటున్నామో చెప్పేస్తున్నారట, నిజమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. మనసులో మాట చెప్పలేరు. కానీ కదలకుండా కూర్చుని చేతి గుప్పిట బిగిస్తున్నట్టు ఊహించుకుంటే, అది కుడిచెయ్యో ఎడమచెయ్యో చాలావరకు చెప్పగలరు. తమాషా ఏమిటంటే, ఇక్కడ ముఖ్యంగా వెతికేది కొత్తగా పుట్టే సిగ్నల్‌ కోసం కాదు, ఉన్నది ఎక్కడ తగ్గిందా అని.

చేతులు ఊరికే ఉన్నప్పుడు, వాటిని నడిపే మెదడు భాగంలో న్యూరాన్లు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఒకే లయలో ఊగుతుంటాయి. ఇదే మ్యూ తరంగం. రామాలయంలో భజన జరుగుతోందనుకోండి. గోడ బయట ఉన్నవాడికి పాట అర్థం కాదు, తాళం మాత్రం వినిపిస్తుంది, చప్పట్లన్నీ ఒకేసారి పడుతున్నాయి కాబట్టి. ఇంతలో ప్రసాదం వచ్చింది. ఒకరు ఆకులు పంచుతున్నారు, ఇంకొకరు పులిహోర వడ్డిస్తున్నారు. లోపల పని పెరిగింది, బయటికి తాళం వినపడటం మానేసింది. ఆ గోడే పుర్రె, బయట చెవి ఒగ్గినవాడే టోపీలో తలకు ఆనించే ఎలక్ట్రోడ్. 10,000 న్యూరాన్లు కలిసి పలికితే మొత్తం 10,000 వంతులు. ఎవరి దారిన వాళ్లు పలికితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని మిగిలేది వర్గమూలమంత, అంటే సుమారు 100 వంతులే. (వర్గమూలం దేనికి పనికొస్తుందని అడిగే పిల్లలకు పరీక్షలో మార్కుల గురించి కాకుండా ఇది చెప్పండి.)

మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చుంటే, ఏ వైపు తాళం సన్నగిల్లిందో దాన్నిబట్టి ప్రసాదం ఎటు చేరిందో తెలుస్తుంది. అలాగే, ఒక్కో చేతిని నడిపేది మెదడులో అటు పక్క సగం కాబట్టి, కుడిచేతిని ఊహిస్తే ఎడమవైపు సీ3 అనే ఎలక్ట్రోడ్ దగ్గర, ఎడమచేతిని ఊహిస్తే కుడివైపు సీ4 దగ్గర మ్యూ ఎక్కువగా తగ్గుతుంది.

చెప్పినంత తేలిక కాదు. అసలు సిగ్నల్ కొన్ని మైక్రోవోల్టులు. రెప్ప వేస్తే దానికి ఎన్నో రెట్లు, పళ్లు బిగిస్తే ఇంకో గోల, పైగా కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద. అందుకే 8–30 హెర్ట్జ్ మధ్య వడకట్టి, ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఒక్కో బరువు ఇచ్చి కలుపుతారు. ఒక చేతి ఊహలో విస్తృతి (సిగ్నల్ ఎంత పెద్దగా ఊగుతోందో చెప్పే కొలత) గరిష్ఠంగా, రెండో చేతి ఊహలో కనిష్ఠంగా ఉండేలా ఆ బరువులను రెండు కోవేరియన్స్ మాత్రికల నుంచి, అంటే ఎలక్ట్రోడ్ల సిగ్నళ్లు ఎంతగా కలిసి మారుతున్నాయో చూపే, చేతికొకటి చొప్పున రెండు అంకెల పట్టికల నుంచి రాబడతారు. ఆ విస్తృతి లాగరిథమ్ తీసుకుంటే, తరచుగా ఒక సరళరేఖే కుడిఎడమలను విడదీస్తుంది.

మనిషి మెదడు తరంగాల మీద 1929లో తొలి వ్యాసం ప్రచురించిన జర్మన్ డాక్టర్ హాన్స్ బెర్గర్‌కు టెలిపతీ (మనసు నుంచి మనసుకు నేరుగా మాట చేరడం) మీద నమ్మకం. సైన్యంలో ఉండగా గుర్రం మీంచి పడి, వెంట్రుకవాసిలో ప్రాణం దక్కింది. బెర్గర్‌కేదో అయిందని ఇంటి దగ్గర సోదరి కంగారుపడటంతో తండ్రి టెలిగ్రామ్ ఇచ్చాడు. ఆ గుట్టు విప్పాలనే ఆయన మెదడు వెంట పడ్డాడు. టెలిపతీ దొరకలేదు, ఈఈజీ (తల మీంచి మెదడు తరంగాలను నమోదు చేసే పద్ధతి) మిగిలింది. మన దగ్గర "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" అంటూ పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివిస్తామని ఫీజులు గుంజేవాళ్లకు ఆ పాటి కుతూహలం కూడా లేదు. అక్కడ పనిచేసేది ముక్కు పక్కనున్న సందు!

చేతి బొమ్మను తలచుకుంటే చాలదు, కండరం బిగుసుకున్న అనుభూతినే తెచ్చుకోవాలి. ఎంత సాధన చేసినా కొందరికి కుదరదు. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్ బృందం 2003లో వివరించిన రోగి చేతివేళ్లు పూర్తిగా చచ్చుబడ్డాయి. ఆయన వాడుకున్నది చేతిని కాదు, పాదం కదులుతున్న ఊహని. అప్పుడు ఎగసే బీటా తరంగాన్ని (ఇది మ్యూ కన్నా వేగంగా ఊగేది) కంప్యూటర్ పట్టుకుని, చేతి కండరాలకు విద్యుత్ ప్రేరణ అందించేది. ఒక్కో ఊహకు పట్టులో ఒక్కో దశ. అలా పాదాన్ని తలచుకుంటూ ఆయన గ్లాసు పట్టుకున్నాడు.