చెరగని రికార్డులు చెప్పే కథ

భారత్‌కు అథ్లెటిక్స్‌లో తొలి ఒలింపిక్ పతకాలు తెచ్చింది ఎవరన్న దగ్గరే పేచీ ఉంది. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులోనూ, 200 మీటర్ల హర్డిల్స్‌లోనూ రజతాలు గెలిచిన నార్మన్ ప్రిచర్డ్ కలకత్తాలో పుట్టినవాడు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ రెండింటినీ భారత్ ఖాతాలో వేసింది. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మాత్రం బ్రిటన్‌వి అంటుంది. ఎవరి లెక్క తీసుకున్నా, ఆ తర్వాతి పతకం రావడానికి 121 ఏళ్లు పట్టింది.

ఆ సుదీర్ఘ విరామం గురించి మాట్లాడితే వెంటనే గుర్తొచ్చేవి రెండు నాలుగో స్థానాలు. 1960 రోమ్‌లో 400 మీటర్ల ఫైనల్లో మిల్ఖా సింగ్, 1984 లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో పీటీ ఉష. ఉషకు కాంస్యం చేజారింది సెకనులో వందో వంతు తేడాతో. మూడో స్థానంలో నిలిచిన రొమేనియా అమ్మాయిది 55.41, ఈమెది 55.42. అక్కడ గంజి, ఊరగాయతో నెట్టుకొచ్చానని ఉష చాలా ఏళ్ల తర్వాత చెప్పుకొచ్చింది. ఒలింపిక్ ఫైనల్‌కు వెళ్లిన క్రీడాకారిణికి మనం పెట్టిన తిండి అది!

ఆ ఓటముల సంగతి సరే. ఆ టైమింగ్‌లు ఆ తర్వాత ఎన్నాళ్లు నిలిచాయో చూస్తేనే నాకు అసలు బాధ కలుగుతుంది. మిల్ఖా రోమ్ టైమింగ్‌ను మరో భారతీయుడు దాటింది 1998లో, అంటే 38 ఏళ్లకు. 1976 మాంట్రియల్‌లో 800 మీటర్ల ఫైనల్ తొలి ల్యాప్‌లో అందరికన్నా ముందు పరుగెత్తి, చివరికి ఏడో స్థానంలో నిలిచిన శ్రీరామ్ సింగ్ 1:45.77 టైమింగ్ 42 ఏళ్లు జాతీయ రికార్డుగా ఉండిపోయింది. 2018లో జిన్సన్ జాన్సన్ దాన్ని చెరిపేశాడు. ఉష 55.42ను విత్యా రామ్‌రాజ్ సమం చేసింది 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో. అప్పటికి 39 ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్లు నిలిచిన రికార్డును చూసి మురిసిపోవడం మనకు అలవాటు. కానీ దానర్థం వేరు. ఆ ఒక్కరి వెనక రెండో మనిషి తయారు కాలేదు.

మధ్యలో అంజూ బాబీ జార్జ్ 2003 పారిస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ లాంగ్ జంప్‌లో 6.70 మీటర్లు దూకి కాంస్యం తెచ్చింది. ఆ పోటీల్లో భారత్‌కు అదే తొలి పతకం. రెండోది రావడానికి 19 ఏళ్లు! ఈలోగా 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మహిళల 4x400 రిలే స్వర్ణం గెలిచి సంబరాలు చేసుకున్నాం. ఏడాది తిరగకుండానే ఆ జట్టులో ముగ్గురు డోపింగ్‌లో దొరికారు. ఆ మచ్చ ఇంకా పోలేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) ఇచ్చే డోపింగ్ కేసుల పట్టికల్లో ఇప్పటికీ మన పేరు పైవరసలోనే కనిపిస్తోంది.

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాక లెక్క మారింది. అయితే నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం 2023 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జావెలిన్ ఫైనల్. నీరజ్ మొదటి స్థానం, కిశోర్ జెనా అయిదు, డీపీ మను ఆరు. ఒకే ఫైనల్లో తొలి ఆరుగురిలో ముగ్గురు మనవాళ్లే.

ట్రాక్ మీద కూడా పాత రికార్డులకు నూకలు చెల్లుతున్నాయి. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి కదలని 13.38ని విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 మేలో 13.23కి దించింది. అక్కడితో ఆగలేదు, తన రికార్డును తానే చెరుపుకుంటూ 2023 ఆగస్టుకల్లా 12.78కి చేరింది. అయినా ఒలింపిక్ పతకం గెలిచేవాళ్ల టైమింగ్‌లు ఇంతకన్నా ఇంకా తక్కువే. ట్రాక్ పోటీల్లో మనం ఆసియా దాటి నిలవడం ఇంకా అరుదే. అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరుగెత్తే స్టీపుల్‌చేజ్‌లో అవినాశ్ సాబ్లే 2024 పారిస్ ఒలింపిక్ ఫైనల్ దాకా వెళ్లి పదకొండో స్థానంలో ఆగాడు.

2025 సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో నీరజ్ ఎనిమిదో స్థానానికి జారాడు. అదే ఫైనల్లో సచిన్ యాదవ్ 86.27 మీటర్లు విసిరి 40 సెంటీమీటర్ల తేడాతో కాంస్యం పోగొట్టుకున్నాడు. అతనిదీ నాలుగో స్థానమే.